మెట్‌పల్లి ప్రజల పట్టుదల
(పఠనమందిరములో చేసిన ఉపన్యాసము)



రాజ్యములు మారిన తేదీలను చరిత్రకారులు తప్పక వ్రాయుదురు. అవి మారుచున్నపుడు ఊరిజనము ఎట్లు నిలిచెనో వ్రాయువారు అరుదు. నేడు మేము విన్నవింపదలచినది ఆ రెండవ సంగతియే.

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలు నిజాము రాజ్యములోని తెలుగుసీమ. నాడు కచ్చేరీలలో ఉర్దూయే చెల్లెను. అనుమతిలేని సభలకు గస్తీ నిషాన్ 53 అడ్డముండెను. న్యాయవాదులమగు మేము ఆ ఆజ్ఞను తలంచునపుడెల్ల, నలుగురు కూడి మాటలాడుటకే మన పెద్దలకు ఎంత ధైర్యము కావలసెనో బోధపడును. అయినను 1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతను నాల్గవ ఆంధ్ర మహాసభ జరిగెను.

పిమ్మట ప్రపంచయుద్ధము వచ్చెను. రైతు గాదెపై ధాన్యపు లెవీ పడెను. 1944లో భువనగిరి యందు ఆ మహాసభయే రెండుగా చీలెను. 1947 ఆగస్టు 15న దేశము పండుగ చేసికొనుచుండగా మనకు ఆ భాగ్యము లేకపోయెను. రజాకారుల అలజడిలో ఎందరో ఇల్లువాకిళ్లు విడిచి పొలిమేర దాటిరి. కార్యకర్తలు చాందా శిబిరము చేరిరి. 1948 సెప్టెంబరు 13న భారతసేన ప్రవేశించెను. 17న నిజాము లొంగెను. ఆ సంవత్సరమున ఈ రాజ్యమందు హిందువులును మహమ్మదీయులును ఉభయులును కడుపుకోత ననుభవించిరి. ఒకరి దుఃఖమును చెప్పి వేరొకరి దుఃఖమును దాచుట న్యాయము కాదు.

1956లో హైదరాబాదు రాష్ట్రము మూడుగా పంచబడెను. 2014లో తెలంగాణము ఏర్పడెను. 2016లో మన ఊరు కరీంనగరము విడిచి జగిత్యాల జిల్లాలో చేరెను. పటములు ఇన్నిసార్లు మారినను రాట్నము ఆగలేదు. గాంధీమహాత్ముని ఉద్యమము నుండి పుట్టిన ఖాదీపని మెట్‌పల్లికి పేరు తెచ్చెను. పాలకు లెవరైనను, వడికిన చేతులు మనవే. నేసిన చేతులు మనవే.

ఇక మన తప్పును మనమే ఒప్పుకొందము. యుద్ధము తెంపలేని నూలుపోగును మన ఉపేక్ష తెంపుచున్నది. ఖద్దరును పొగడుదుము, మిల్లుబట్టను కొందుము. పనిలేక పడుచువారు గల్ఫుదేశములకు పోవుచుండ, వారి తల్లులు ఫోనులో వినవచ్చు కంఠముతో తృప్తిపడుచున్నారు. ఇదియు ఒక విభజనమే కాదా? దీనికి ఏ సేనయు రాదు, ఏ చట్టమును చాలదు.

కావున మేము కోరునది స్వల్పము. ఏటికొక ఖాదీవస్త్రము ప్రతి యింట కొనుడు. కక్షలను గుమ్మము వెలుపల విడిచి ఈ పఠనమందిరమునకు రండు. మన పెద్దలు భయమును ఓర్చి నిలిచిరి. మనము సోమరితనమును జయించి నిలువవలెను.