దానం చేసే హక్కు

(హయత్‌నగర్‌లో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను రిటైరైన ప్రభుత్వ టీచర్ని. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి ఆడపిల్లల హాస్టల్‌కి లక్ష రూపాయలు ఇస్తానంటే, "పన్ను కలిసొస్తే ఇవ్వమ్మా" అన్నాడు మా అబ్బాయి. సరేనని లెక్క చూశాం.

ప్రభుత్వోద్యోగికి వచ్చే గ్రాట్యుటీ, జి.పి.ఎఫ్.ల మీద పన్ను లేదు. పన్ను లెక్కకు వచ్చేవి పెన్షను, బ్యాంకు వడ్డీ. 80జి అని మనకు తెలిసిన మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. చాలా సంస్థల విషయంలో అదీ సగానికే. లెక్కలోకి తీసుకునే దానం ఆదాయంలో పదోవంతు దాటకూడదు. మిగిలింది మరుసటి ఏడాదికి పనికిరాదు. నగదుగా 2,000 రూపాయలు మించి ఇస్తే మినహాయింపే లేదు. కాబట్టి పాత విధానంలో ఉన్నవారు ఏటా కొంత చొప్పున, చెక్కుగా ఇచ్చి, సర్టిఫికెట్ తీసుకోవాలి.

కొత్త విధానంలో ఈ మినహాయింపు లేదు. అయితే 2025-26 నుంచి అందులో 12 లక్షల లోపు పెన్షను, వడ్డీ ఆదాయానికి పన్నూ లేదు. నా ఆదాయం అంత లేదు. అంటే నాకు కలిసొచ్చేది సున్నా!

"మరెందుకివ్వడం?" అన్నాడు అబ్బాయి.

తండ్రి ఇస్తే ధర్మం, తల్లి ఇస్తే దుబారానా? స్త్రీ ఆస్తిపై ఆమెకే సంపూర్ణ హక్కని 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. మందులకూ, ఇంటికీ సరిపడా ఉంచుకుని చెక్కు రాశాను.

పన్ను లెక్కలు మనం నేర్చుకోవాలి. మన డబ్బుకి అనుమతి అడగడం మానుకోవాలి.