చెరువుకు తీసుకెళ్ళిన తాబేలు



మీలో కొందరి ఇళ్ళల్లో గాజుతొట్టి వుండేవుంటుంది. రెండు చేపలు, నాలుగు గులకరాళ్ళు, ఓ తాబేటిపిల్ల. మా ఇంట్లోనూ వుంది. నాలుగేళ్ళ కిందట మా అబ్బాయి పుట్టినరోజుకి కొన్నాం. అప్పుడది రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది. ఆకుపచ్చగా, కళ్ళ వెనక ఎర్రచారతో ముద్దుగా వుండేది. తాబేలుంటే ఇంటికి కలిసివస్తుందని మా అత్తగారూ సంతోషించారు. ఇప్పుడది నా అరచేతిని మించిపోయింది. రోజు విడిచి రోజు నీళ్ళు మార్చకపోతే ఒకటే వాసన. మార్చేదెవరో మీకు వేరే చెప్పనక్కర్లేదుగదా!

ఇలా వుండగా, ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్న మా అమ్మాయికి ఇంటర్న్‌షిప్పు వచ్చింది. అంటే చదువులో భాగంగా కొన్ని వారాలు బయట పనిచేసి నేర్చుకోవటమన్నమాట. శంషాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో తాబేళ్ళని చూసి రాయాలిట. "విమానాలు దిగేచోట తాబేళ్ళేమిటే?" అన్నాను. 2008లో విమానాశ్రయం వచ్చినప్పటినుంచీ శంషాబాదంటే నాకు అదొక్కటే గుర్తు. నిజానికి అటువైపు ఊళ్ళన్నీ చెరువులున్న ఊళ్ళే. పక్కనే హిమాయత్ సాగర్. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచేసిన తర్వాత కట్టిన రెండు జలాశయాల్లో అదొకటి. వాటి నీళ్ళు చెడిపోకూడదని 1996లో 111 జీ.వో. తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టారు. 2022లో ఆ హద్దులు సడలిస్తూ ఇంకో జీ.వో. వచ్చింది.

తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి పులిహోర డబ్బా కట్టి పంపేదాన్ని. పంపానన్నమాటేగాని ప్రాణం కుదుటపడేదికాదు. ఆడపిల్ల, చెరువుగట్టు, పాములు! ఆఖరికి ఒక ఆదివారం నేనూ బయల్దేరాను. పనిలో పని, మా తాబేలుని మూతకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సంచీలో వేసుకున్నాను. చెరువులో వదిలేస్తే దానికి విడుదల, నాకు పుణ్యం. అమ్మాయికి ముందుగా చెప్పలేదు. మెచ్చుకుంటుందనుకున్నాను.

అక్కడ వాళ్ళు తాబేళ్ళని చేత్తో ముట్టరు. మన చెరువుల తాబేలుని పట్టటం, పెంచటం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పరిశోధనకైనా అనుమతి వుండాల్సిందే. అందుకని గట్టున కూర్చుని దుర్భిణీతో చూడటం, ఎన్ని ఎండ కాచుకుంటున్నాయో, ఏ వేళకో నోటుబుక్కులో రాసుకోవటం. రెండు గంటలు కూర్చుంటే నాకు కనిపించింది ఒక్కటే. రాయి అనుకున్నదానికి ముక్కు మొలిచింది! అది మెత్తచిప్ప తాబేలుట. కడుపువైపు చర్మపు రెక్కలుంటాయి. వెనక కాళ్ళు లోపలికి లాక్కోగానే అవి తలుపుల్లాగా మూసుకుంటాయి. నత్తల్నీ చచ్చిన చేపల్నీ తిని నీళ్ళు శుభ్రం చేస్తుంది.

వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు. "ఎండకాలం చెరువెండితే తాంబేలు పోదమ్మా. బురదల బొంద చేస్కొని పండుకుంటది. వాన పడంగనే లేస్తది" అన్నాడు. అమ్మాయి గబగబా రాసుకుంది. పుస్తకంలోనూ అలాగే వుందిట. నాకు మాత్రం వేరే సంగతి తట్టింది. ఎండిన చెరువు ఖాళీగానే వుందిగదా అని లారీలతో మట్టి తెచ్చి పోస్తారే, ఆ అడుగున పడుకున్నవాటి గతేమిటి?

అప్పుడు సంచీలోంచి డబ్బా తీశాను. అమ్మాయి ముఖం మారిపోయింది. "అమ్మా, దీన్ని నీళ్ళల్లో పెట్టావా?" అంది. ఇంకా లేదన్నాను. హమ్మయ్య అని గట్టుమీద కూలబడింది.

మనదేశపుదే కాదుట అది. అమెరికాలో మిసిసిపీ నది ప్రాంతానిది, ఎర్రచెవి తాబేలు. చెరువులో పడితే మన తాబేళ్ళ తిండీ, ఎండ కాచుకునే చోటూ ఆక్రమిస్తుంది, రోగాలూ అంటిస్తుంది. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసే వలస జీవులు వందంటూ ఒక జాబితా వుంది, అందులో దీని పేరుందిట. 2018లో గౌహతిలోని ఉగ్రతార గుడి కోనేట్లో కనిపించింది. ఎవరో నాలాంటి పుణ్యాత్మురాలే వదిలివుంటుంది!

ఇంకో మాట విన్నాక నా గుండె ఝల్లుమంది. ఈ పిల్లలమీద సాల్మొనెల్లా అనే విరేచనాల క్రిమి వుంటుందిట. చిన్నపిల్లలు పట్టుకుని నోట్లో పెట్టుకుంటున్నారని, నాలుగంగుళాలలోపు చిప్పవున్న తాబేళ్ళ అమ్మకాన్ని అమెరికాలో 1975లోనే నిషేధించారు. నేనేమో నాలుగేళ్ళుగా ఆ తొట్టిని వంటింటి సింకులో కడుగుతున్నాను. బియ్యం కడిగే చోటే!

తాబేలు మళ్ళీ సంచీలోనే ఇంటికొచ్చింది. ఇప్పుడు డాబామీద పాత సిమెంటు తొట్టిలో, సగం నీడ, సగం ఎండ, ఎక్కి కూర్చోటానికో రాయి. కడగటానికి బకెట్టు వేరు, బ్రష్షు వేరు. ముట్టుకున్నవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోందే ఇంట్లోకి రానివ్వను. అత్తగారు రోజూ పాలకూర వేస్తారు. "ఇదెన్నాళ్ళు బతుకుతుందమ్మా?" అని మొన్న మనవరాల్ని అడిగారు. "ముప్ఫయ్యేళ్ళదాకా బతకొచ్చు, నాయనమ్మా" అంది. ఆవిడ నావైపు చూశారు. నాకిప్పుడు నలభై ఎనిమిది. నేను మా అబ్బాయివైపు చూశాను. వాడు పేపరు అడ్డం పెట్టుకున్నాడు.