కాచిన నీళ్ళు చాలునా?



బిందె తోమి, నీళ్ళు వడగట్టి, కాచి చల్లార్చి పోస్తే ఇంటిల్లిపాదికీ ఆరోగ్యమేనని మనకు ధీమా. కలరా, టైఫాయిడు వంటి వాటి విషయంలో ఆ ధీమా సరైనదే. కాగిన నీళ్ళలో సూక్ష్మక్రిములు బతకవు. కాని సీసం వంటి లోహాలు కాచినంతమాత్రాన పోవు సుమండీ! నీరు ఆవిరైపోతుంది, సీసం గిన్నెలోనే మిగులుతుంది. పురుగుమందుల విషయంలోనూ పొయ్యిని నమ్ముకోలేం.

2020 డిసెంబరు 5న మన ఏలూరు వన్‌టౌన్ వీధుల్లో మనుషులు ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోయారు. కొందరికి మూర్ఛ, కొందరికి వాంతులు. కొద్దిరోజుల్లో ఆరువందల మందికి పైగా ఆస్పత్రికి చేరారు. చాలామంది కొన్ని గంటల్లోనే తేరుకున్నారు. ఒకరు మరణించారు. పరీక్షిస్తే అది కోవిడ్ కాదని తేలింది.

అప్పుడు మంగళగిరి నుంచి, ఢిల్లీ నుంచి ఎయిమ్స్ వైద్యులు, హైదరాబాదు నుంచి జాతీయ పోషకాహార సంస్థ వారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కదిలారు. నెత్తురు, నీళ్ళు, కూరగాయలు, అన్నీ పరీక్షించారు. రోగుల నెత్తురులో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చునని డిసెంబరు మధ్యలో నిపుణులు అభిప్రాయపడ్డారు. 2021 జనవరిలో పూళ్ళ, కొమిరేపల్లి గ్రామాల్లోనూ ఇలాంటి బాధలే కనిపించాయి.

ఇక ఆలోచించండి. జబ్బు చూసేది ఆస్పత్రి. కుళాయి నీళ్ళు మునిసిపాలిటీవి. పురుగుమందు వ్యవసాయశాఖ చూసుకోవాలి, కాలువ నీటిపారుదల శాఖది. ఒక ఇంట్లో నలుగురు తోడికోడళ్ళు మాటామంతీ లేకుండా వంట చేశారనుకోండి, పులుసులో ఉప్పు నాలుగుసార్లయినా పడుతుంది, అసలు పడకుండానైనా పోతుంది!

మన ఏలూరులో కృష్ణా కాలువ, గోదావరి కాలువ కలుస్తాయి. తమ్మిలేరు, బుడమేరు కొల్లేట్లో పడతాయి. కొల్లేటి నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఏలూరు వేరే జిల్లా అయింది, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉంది. కాలువ నీళ్ళకు, గూడెం మార్కెట్టు నుంచి వచ్చే ఉల్లిపాయల లారీకి ఆ గీత తెలుస్తుందా?

దేశాల మధ్య గీతలూ అంతే. అంచేతనే 2005లో ప్రపంచ దేశాలు ఆరోగ్య నిబంధనలు రాసుకున్నాయి. 2007 జూన్ నుంచి అవి అమల్లో ఉన్నాయి. ఇతర దేశాలకూ ముప్పు కాగల అనారోగ్యం అని అంచనాకు వస్తే, ఇరవైనాలుగు గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు కబురు చేయాలి. అది క్రిమి వల్ల వచ్చినా సరే, రసాయనం వల్ల వచ్చినా సరే. ఎండోసల్ఫాన్ అనే పురుగుమందును 2011లో ప్రపంచ దేశాలు నిషేధ జాబితాలో చేర్చాయి. అదే ఏడు మన సుప్రీంకోర్టు కూడా దాన్ని ఆపించింది. అంతా ఒక్కమాట మీద ఉంటే ఎంత పని జరుగుతుందో చూశారా!

కాని ఇల్లు అలకగానే పండగ కాదు. మన రొయ్యల్లో మందుల అవశేషాలుంటే పైదేశాల వారు పరీక్షించి సరుకు వెనక్కి పంపేస్తారు. మరి మన పిల్లలకు వండిపెట్టే కొల్లేటి చేపకు, వంకాయకు అంత పరీక్ష జరగనక్కరలేదా? అడగవలసింది మనమే.

కూరగాయలు ధారగా పడే నీళ్ళలో బాగా కడగండి. మన వీధిలో రెండు మూడిళ్ళలో ఒకేరోజు ఒకేలాంటి జబ్బు కనిపిస్తే, "వాళ్ళకేదో అయిందిలే" అనుకోకండి. వెంటనే ఆరోగ్య కార్యకర్తకు చెప్పండి. ఏం తిన్నారో, ఏ నీళ్ళు తాగారో రాసిపెట్టండి. ఆస్పత్రి చీటీ పారేయకండి. నీళ్ళ పరీక్షల ఫలితాలు వార్డులో అందరికీ కనబడేట్టు పెట్టమని పదిమంది కలిసి మునిసిపాలిటీని అడగండి.

ఎక్కడో జెనీవాలో రాసుకున్న నిబంధన పనిచేయాలంటే, మొదటి కబురు మన వీధి నుంచే వెళ్ళాలి. అది మోసుకెళ్ళవలసింది మనం.