హెచ్.ఐ.వి. - పెద్దల చేతిలో ఉన్న వైద్యం

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ విశ్రాంత ఉద్యోగుల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసి పదవీ విరమణ పొందినవాడిని. ఈ వయసులో మనకీ విషయం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన మూడు ఊళ్ళూ లారీలు, రైసుమిల్లులు, బతుకుదెరువుకు ఇల్లు విడిచి తిరిగే జనం ఉన్న ఊళ్ళు. కొడుకూ కోడలూ ఈ జబ్బుతో పోతే, మనుమల్ని తాతా నాయనమ్మలే పెంచిన ఇళ్ళు మనలో చాలామంది ఎరుగుదురు.

రక్తంలోని తెల్లకణాలు ఒంటికి కాపలాదారులు. వాటిలో సీడీ-4 కణాలు ఆఫీసులో హెడ్ గుమాస్తా వంటివి. ఏ కణం ఏ పని చేయాలో పురమాయించేవి అవే. హెచ్.ఐ.వి. సరిగ్గా ఆ కణాల్లోనే దూరి, వాటి చేతనే తన నకళ్ళు తయారు చేయించుకుని, చివరకు వాటిని నాశనం చేస్తుంది. ఆరోగ్యవంతుల్లో ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 500 నుంచి 1500 వరకు ఉంటాయి. వైద్యం లేకుంటే ఏళ్ళ తరబడి తగ్గుతూ పోతాయి. మనిషి మాత్రం పైకి బాగానే కనిపిస్తాడు. 200 కంటే తగ్గితే దాన్ని ఎయిడ్స్ దశ అంటారు. అప్పుడు క్షయ, న్యుమోనియా వంటివి సులువుగా పట్టుకుంటాయి.

ఏ.ఆర్.టి. మందులు ఈ నకళ్ళ తయారీని ఆపుతాయి. దాంతో సీడీ-4 కణాలు మళ్ళీ పెరుగుతాయి. అయితే కొన్ని కణాల్లో నిద్రపోతున్న వైరస్‌ను ఈ మందులు తీసివేయలేవు. మానేస్తే అది తిరిగి లేస్తుంది. ఒక రోజు వేసుకుని ఒక రోజు మానితే మందుకు లొంగని రకం తయారవుతుంది. అందుకే మన బీపీ మాత్రలాగే ఇదీ రోజూ వేసుకోవాలి.

మన దేశంలో ఈ వైరస్ 1986లో మద్రాసులో బయటపడింది. మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యం 1996లో వచ్చినా, ఖరీదు వల్ల పేదలకు అందలేదు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇవ్వసాగింది. 2017 నుంచి కణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా, జబ్బు ఉందని తేలిన వారందరికీ ఇస్తున్నారు.

నేనెరిగిన ఒక విశ్రాంత ఉద్యోగి మనుమరాలికి పుట్టుకతోనే ఈ జబ్బు సోకింది. చదువుకు హాస్టల్లో చేరాక, తోటివారికి తెలుస్తుందన్న భయంతో మందు మానేసింది. కొన్నాళ్ళకు చిక్కిపోయింది, దగ్గు పట్టుకుంది. పరీక్షలో క్షయ అని తేలింది. తాతగారు ఒక్క మాట కూడా అనకుండా ఇంటికి తెచ్చుకుని, రెండు జబ్బులకూ వైద్యం చేయించారు. రోజూ రాత్రి తొమ్మిదికి తన మాత్రతో పాటు ఆమె మాత్రా తీసి చేతిలో పెట్టేవారు. ఇప్పుడా అమ్మాయి ఉద్యోగం చేసుకుంటున్నది.

ఆమెను మంచాన పడేసింది మందు లేకపోవడం కాదు, దాచుకోవలసి రావడం. కంచం, మంచం, కౌగిలింత - వీటి వల్ల ఈ జబ్బు అంటదు. క్రమంగా మందు వాడి, పరీక్షలో వైరస్ కనబడని స్థితికి వచ్చినవారి నుంచి దాంపత్యం ద్వారా కూడా సోకదు. గర్భిణి మందు వాడితే బిడ్డకు సోకే ప్రమాదం బాగా తగ్గుతుంది. రోగి వివరం అనుమతి లేకుండా బయటపెట్టరాదని, ఉద్యోగంలో వివక్ష చూపరాదని 2017 నాటి చట్టం చెబుతున్నది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది.

అనుమానముంటే ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష ఉచితం. 1097 నంబరుకు ఫోను చేసినా సలహా చెబుతారు. ఇంట్లో పెద్దవాళ్ళు నోరు తెరిచి మాట్లాడితే పిల్లలు దాచుకోరు.