మోటారు పలకమీది గుఱ్ఱములు



ఈ సాయంకాలము నేను ప్రస్తావింపబోవు విషయము మీ బావికిని, మీ పొలమునకును సంబంధించినదే. రైతు మోటారు కొనబోయినప్పుడు దుకాణదారు మొట్టమొదట అడుగు ప్రశ్న యేమి? ‘ఎన్ని హెచ్.పి. కావలెను?’ అని. అయిదు చాలునని యొకరు చెప్పుదురు. పొరుగువాని కేడున్నర యున్నది గనుక నాకు పది యిమ్మని మఱియొకరు చెప్పుదురు. హెచ్.పి. అనగా హార్స్ పవర్ అనియు, దానినే తెలుగున అశ్వశక్తి యందురనియు మన మందఱము ఎఱిగినదే. కాని ఆ గుఱ్ఱ మెక్కడిది? అది యెంత పని చేసినచో ఒక అశ్వశక్తి యగును? అని యడిగినచో చాలమంది ఊరకుందురు. నేనును ఒకప్పుడు అట్లు ఊరకున్నవాడనే. ఆ తెలియనితనమునకు మా కుటుంబము సొమ్ము చెల్లించుకొన్నది. ఆ సంగతి తరువాత మనవి చేసెదను. ముందుగా గుఱ్ఱము కథ చిత్తగింపుడు.

ఇంగ్లండు దేశమున గనులు త్రవ్వువారికి నీటి యూట పెద్ద బాధగా నుండెడిది. ఆ నీటిని తోడుటకు గుఱ్ఱములను చక్రమునకు కట్టి త్రిప్పుచుండిరి. మన గానుగెద్దు తిరుగు తీరును తలచుకొన్నచో ఆ చక్రము మీ కన్నులకు కట్టును. 1698వ సంవత్సరమున థామస్ సేవరీ యను నతడు ఆవిరితో నీరు తోడు యంత్రమునకు పేటెంటు హక్కు పొందెను. 1702లో తాను ప్రకటించిన పుస్తకమున అతడు ఒక చక్కని సంగతి చెప్పెను. రెండు గుఱ్ఱములు కలిసి లాగునంత పనిని ఎడతెగక చేయవలెనన్నచో, పది పండ్రెండు గుఱ్ఱములను పోషింపవలెనట. ఏలయనగా గుఱ్ఱము అలయును. దానికి మేతయు విశ్రాంతియు కావలెను. యంత్రమునకు అలసట లేదు. యంత్రమును గుఱ్ఱముతో పోల్చు మాటకు బీజము ఇక్కడ పడినది.

1712లో థామస్ న్యూకొమెన్ అంతకంటె మేలైన యంత్రమును నిలిపెను. అది నీరు తోడెడిది గాని బొగ్గును మాత్రము విస్తారముగా మ్రింగెడిది. స్కాట్లండు దేశమున గ్లాస్గో విశ్వవిద్యాలయమునందు పరికరములు బాగుచేయుచుండిన జేమ్స్ వాట్ అను యువకుని చేతికి అట్టి యంత్రపు నమూనా యొకటి వచ్చెను. ఆవిరిని చల్లార్చుటకై ప్రతిమాఱు పెద్ద సిలిండరునే చల్లబఱచి, మరల దానినే వేడిచేయుటవలన బొగ్గు వ్యర్థమగుచున్నదని ఆయన కనిపెట్టెను. ఆవిరిని వేఱొక పాత్రలో చల్లార్చు ఉపాయము ఆయనకు 1765లో తోచెను. 1769లో దానిపై హక్కు లభించెను. 1775లో మాథ్యూ బౌల్టన్ అను వ్యాపారి ఆయనతో పొత్తు కలిసెను.

ఇక్కడ బేరము మొదలైనది. గనుల యజమానులతో వారు చేసికొన్న ఒడంబడిక యిది: పాత యంత్రముకంటె క్రొత్త యంత్రము ఎంత బొగ్గు ఆదాచేయునో, ఆ ఆదాయొక్క వెలలో మూడవ వంతు తమకు చెల్లింపవలెను. గనులలో ఈ లెక్క బాగుగనే నడచెను. కాని పిండిమరలవారును, సారాయి బట్టీలవారును చక్రమును త్రిప్పు యంత్రము కావలెనని వచ్చిరి. వారికి పాత యంత్రమే లేదు; వారివద్ద నున్నవి గుఱ్ఱములు. గుఱ్ఱము బొగ్గు తినదు గదా! ఇక ఆదా నెట్లు లెక్కించుట? ‘ఈ యంత్రము నీయొద్దనున్న ఎన్ని గుఱ్ఱముల పని చేయునో, అన్నింటికి ఏటేట ఇంత చొప్పున చెల్లింపుము’ అనుటయొక్కటే మార్గము. అట్లనవలెనన్నచో ఒక గుఱ్ఱపు పని యెంతయో ముందుగా తేల్చవలెను గదా.

వాట్ 1782, 83 ప్రాంతములలో ఆ లెక్క వేసెను. ఆ లెక్క యీ విధముగా చెప్పబడుచున్నది. మర త్రిప్పు గుఱ్ఱము నడుమ స్తంభమునకు 12 అడుగుల దూరమున తిరుగును. గంటకు 144 చుట్లు తిరుగును. 180 పౌన్ల బలముతో లాగును. ఒక చుట్టు సుమారు 75 అడుగులు. కావున నిమిషమునకు నడచునది 181 అడుగులు. దీనిని 180 చేత హెచ్చించినచో సుమారు 32,600 వచ్చును. వాట్ దానిని గుండు లెక్కచేసి 33,000 అని స్థిరపఱచెను. అనగా 33,000 పౌన్ల బరువును ఒక నిమిషములో ఒక అడుగు ఎత్తునకు లేపుట ఒక హార్స్ పవర్.

సామాన్యమైన గుఱ్ఱము దినమంతయు ఇంత పని చేయజాలదు. జాన్ స్మీటన్ అను మఱియొక ఇంజనీరు గుఱ్ఱపు పనిని సుమారు 23,000గా మాత్రమే అంచనా వేసియుండెను. వాట్ లెక్క పెద్దదగుటవలన యంత్రము కొన్నవానికి నష్టము లేకుండెను; పది గుఱ్ఱముల యంత్రమని కొన్నచో పది గుఱ్ఱములకు మించిన పనియే జరిగెడిది. మఱియొక వింత గలదు. కొన్ని సెకనులపాటు ఒక్క ఊపున లాగునప్పుడు బలిష్ఠమైన గుఱ్ఱము 15 హార్స్ పవర్ దాక చూపగలదని 1993లో ఇద్దఱు శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. కావున హార్స్ పవర్ అనునది ఏ గుఱ్ఱమునకును జాతకము కాదు. అది గుఱ్ఱము పేరు పెట్టుకొన్న ఒక కొలత. మూర యనునది ఏ ఒక్క మనుష్యుని చేయియు కానట్లే, ఇదియు ఏ ఒక్క గుఱ్ఱమును కాదు.

ఇప్పుడు ఈ కొలతను మన కళ్లమునకు తెత్తము. 33,000 పౌన్లు నిమిషమునకు అన్నచో, సెకనునకు 550 పౌన్లు. మన తూకములో చెప్పవలెనన్నచో, సుమారు 75 కిలోల ధాన్యపు బస్తాను ఒక సెకనులో ఒక మీటరు ఎత్తు లేపుట. ఇందు ‘ఒక సెకనులో’ అను మాటను గట్టిగా పట్టుకొనుడు. అదే బస్తాను అదే ఎత్తునకు పది సెకనులలో లేపినను జరిగిన పని యొక్కటే. కాని అది హార్స్ పవరులో పదవ వంతు మాత్రమే. ఆరోగ్యవంతుడగు మనుష్యుడు దినమంతయు శ్రమించినచో నిలుకడగా చూపగలిగినదియు సుమారు ఈ పదవ వంతే.

పెద్దలలో కొందఱు మోట తోలినవారై యుందురు. బాన 150 లీటర్లు పట్టుననియు, నీరు 25 అడుగుల లోతున నున్నదనియు, నిమిషమునకొక బాన వచ్చుననియు అనుకొందము. 150 లీటర్లనగా 330 పౌన్లు. దానిని 25 చేత హెచ్చించినచో 8,250. ఇది 33,000లో సరిగా నాలుగవ వంతు. అనగా ఆ జత ఎడ్లు చేసిన పని పావు హార్స్ పవర్. కాని ఎడ్లు బారి దిగుచు లాగునది ఇరువది సెకనులే యైనచో, ఆ ఇరువది సెకనులలో అవి ముప్పావు హార్స్ పవర్ చూపినట్లు. తక్కిన కాలము అవి వెనుకకు నడచుటయందును, ఊపిరి తీసికొనుటయందును గడచినది. ఎడ్లు అవియే, నీరు అదియే. ఎంతసేపటి లెక్క యనుటనుబట్టి అంకె మాఱినది.

అందుచేతనే మనము వాడు ‘అశ్వశక్తి’ యను మాట కొంత త్రోవ తప్పించుచున్నది. పాఠ్యగ్రంథములలో పని, శక్తి, సామర్థ్యము అని మూడు మాటలు వేర్వేఱుగా నుండును. నీరు పైకి వచ్చుట పని. ఆ పనికి వ్యయమగునది శక్తి. ఎంత త్వరగా పని జరుగుచున్నదను లెక్క సామర్థ్యము. హార్స్ పవర్ అనునది ఈ మూడవది. కావున దానిని అశ్వసామర్థ్యము అనుటయే సరియైనది.

వాట్ గౌరవార్థము ఆయన పేరనే మఱియొక కొలత గలదు. 1882లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుల సంఘమునందు ఆ పేరు ప్రతిపాదింపబడినది. ఒక హార్స్ పవర్ 746 వాట్లకు సమానము. మోటారు పలకను చూచినచో 5 హెచ్.పి. ప్రక్కనే 3.7 కిలోవాట్లు అని వ్రాసియుండును, రెండును ఒక్కటే. ఒక హార్స్ పవర్ ఒక గంట నడచినచో ముప్పావు యూనిట్ శక్తి యగును. హార్స్ పవర్ వేగము, యూనిట్ మొత్తము. కాలువ పాఱు వడి వేఱు, చెఱువులో చేరిన నీరు వేఱు గదా!

1980ల దశకమున ఉమ్మడి ఆంధ్రప్రదేశమున పంపుసెట్లకు మీటరు లెక్క పోయి, హార్స్ పవరునకు ఏటేట ఇంత యను పద్ధతి వచ్చిన సంగతి మీకు జ్ఞాపకముండును. ఎన్ని గంటలు నడిపినను రుసుము ఒక్కటే. రెండువందల యేండ్లకు పూర్వము వాట్ మరలవారియొద్ద గుఱ్ఱముల లెక్కన వసూలుచేసిన రీతియు ఇట్టిదే. తరువాత 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. దానితో యూనిట్ల లెక్క మన మనస్సునుండి తొలగినది. పలకమీది హార్స్ పవర్ అంకె యొక్కటే మిగిలినది. ఆ అంకె పెద్దదైనచో మేలను భ్రమయు మిగిలినది.

ఇక మా యింటి సంగతి. మా అన్నగారికి ఒక గొట్టపు బావి గలదు. నీరు రెండువందల అడుగుల లోతునుండి పైకి రావలెను. అయిదు హార్స్ పవర్ మోటారు నిమిషమునకు సుమారు 185 లీటర్లు పోయుచుండెను. వేరుసెనగ ఊడలు దిగు సమయమున నీరు చాలక ఆయన నన్నడిగెను. నేను ఇంటిలో చదువుకొన్నవాడను. ‘పది హార్స్ పవర్ పెట్టుము, నీరు రెట్టింపగును’ అంటిని. ఆయన అప్పు తెచ్చి పెట్టెను. మొదటి దినమున నీరు నిజముగనే రెట్టింపు వచ్చినది. కాని కొన్ని నిమిషములే. తరువాత గొట్టమునుండి గాలి వచ్చినది. బావిలో నిమిషమునకు ఊరునది 200 లీటర్లే. మోటారు తోడునది 370. ఆపి, ఊట నిండనిచ్చి, మరల వేయుచు రెండు నెలలు గడపిరి. నీటిలో మునిగి పనిచేయు మోటారును చల్లబఱచునది చుట్టునున్న నీరే. ఆ నీరు దిగిపోవుచుండుటవలన మూడవ నెలలో మోటారు కాలిపోయినది. పంటయు సగము పోయినది. అన్నగారు నన్నొక మాట అనలేదు. ‘నీవు చెప్పితివి గదా అని చేసితినిరా’ అనిమాత్రము అనిరి. అది నాకు తిట్టుకంటె ఎక్కువగా తగిలినది.

ఆనాడు నేను వేయవలసిన లెక్క చాల చిన్నది. దానిని మీకు అప్పగించి సెలవు తీసికొందును. నిమిషమునకు కావలసిన లీటర్లను, నీటిని ఎత్తవలసిన అడుగులతో హెచ్చింపుడు. దానిని 7,500 చేత భాగింపుడు. వచ్చినదే మీకు వలయు హార్స్ పవర్. పంపులోను, మోటారులోను, గొట్టములోను సుమారు సగము నష్టమగునని యెంచి వేసిన లెక్క యిది. మా అన్నగారి బావికి వేసి చూతము: 200ను 200తో హెచ్చించినచో 40,000, 7,500 చేత భాగించినచో అయిదుంబావునకు కొంచెము పైన. అనగా పాత మోటారే దాదాపు సరిపోయినది! అదే మోటారు నూరడుగుల లోతునుండి 370 లీటర్లు తెచ్చును. మూడువందల అడుగులనుండి 125 మాత్రమే తెచ్చును. మోటారు మాఱలేదు, లోతు మాఱినది.

కావున దుకాణమునకు పోవుటకు ముందు బావిని అడుగుడు. రెండువందల లీటర్ల పీపాయి నొకదానిని గొట్టముక్రింద పెట్టి, అది నిండుటకు ఎంతసేపు పట్టునో గడియారము చూచి వ్రాసికొనుడు. వేసవిలో నొకసారి, వానలు వెలసిన పిమ్మట నొకసారి చూడుడు. మోటారు గంటలకొలది నడచినను ధార తగ్గకున్నచో ఊట చాలినంత యున్నదని తెలియును. ధార తెగుచున్నచో పెద్ద మోటారు మందు కాదు. అది రోగమును పెంచును. అప్పుడు చూడవలసినది తక్కువ నీటితో పండు పైరును, నేలలో ఇంకు వాననీటిని.

హార్స్ పవర్ నీటిని త్వరగా పైకి తేగలదు గాని, లేని నీటిని పుట్టింపలేదు. కరెంటు బిల్లు రాకపోవచ్చును; భూమిలోని ఊట లెక్కమాత్రము తప్పదు. గుఱ్ఱముల సంఖ్య చూచి మురియక, అవి త్రాగగల నీరు బావిలో నున్నదా యని చూచుట పెద్దలమైన మన విధి. ఊరిలో చిన్నవారు మోటారు విషయమై మిమ్ము అడిగినప్పుడు, నేను మా అన్నగారికి చెప్పినట్లు చెప్పకుడు. ముందు పీపాయిని పెట్టించి, పిమ్మట మాట చెప్పుడు.