చిన్నపిల్లలకు కార్టూన్లు చూపించవచ్చా?

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థిని ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

ముందు వరసల్లో కూర్చున్న బ్యాచ్‌ల వాళ్లలో చాలామంది ఇప్పుడు తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు. కొడుకూ కోడలూ పొద్దున్నే పోచారం ఇన్ఫోసిస్‌కో, నాచారంలో ఫ్యాక్టరీకో, మెట్రో పట్టుకుని హైటెక్ సిటీకో పోతే మనవడిని చూసుకునేది మీరే. వెనక వరసల్లో ఉన్నవాళ్లు ఆ కొడుకుల, కోడళ్ల వయసువాళ్లు. నేను ఒకటో తరగతికి అక్షరాలు నేర్పే మనిషిని కాబట్టి రెండు వరసల మాటలూ నా చెవిన పడతాయి. "ఫోను లేనిదే ముద్ద మింగడు టీచర్" అని తాతలు అంటారు. "మా అత్తగారే అలవాటు చేశారు మేడం" అని కోడళ్లు అంటారు. ఈ తగువు తీర్చడం నా వల్ల కాదు గానీ, అసలు విషయం మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండేళ్లు నిండని పిల్లలకు కార్టూన్లు వద్దు. నిండాక కొంచెం చూడొచ్చు, పక్కన మనిషి ఉంటే మంచిది. అన్నం తినిపించడానికి మాత్రం ఏ వయసులోనూ పెట్టొద్దు.

తెర మీద బొమ్మ పిల్లలకు కొత్త కాదు. మన బడి మొదలైన రోజుల్లోనే, 1975 ఆగస్టులో, సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం మన దేశంలో మొదలైంది. 6 రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు ఒక ఏడాది పాటు టీవీ చూపించారు. అప్పటి మన ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఊరంతటికీ కలిపి ఒక టీవీ. తరువాత దూరదర్శన్‌లో ఆదివారం జంగిల్ బుక్ వచ్చింది. ఇక్కడ ఉన్న 90ల బ్యాచ్ వాళ్లు దానికోసం ఎవరెవరి ఇళ్ల కిటికీల దగ్గర నిలబడ్డారో నాకు తెలుసు. అరగంట కాగానే అయిపోయేది, మళ్లీ వారం దాకా రాదు. 1995లో కార్టూన్ నెట్‌వర్క్, 2004లో పోగో, 2009లో తెలుగులో ఖుషీ టీవీ వచ్చాయి. ఇప్పుడు ఫోన్లో ఒకటి అయిపోతుండగానే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. అప్పట్లో ఆపే పని దూరదర్శన్ వాళ్లే చేసేవాళ్లు, ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కావలసిన అవసరం ఉండేది కాదు. ఇప్పుడు ఆ పని తాత మీదో అమ్మ మీదో పడింది. కార్టూన్ల గొడవలో సగం ఇదే అని నా లెక్క.

రెండేళ్ల లోపు ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. అమెరికాలో పాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం 2003లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. 9 నెలల అమెరికన్ పసిపిల్లల దగ్గర చైనా భాష మాట్లాడే మనుషులను కూర్చోబెట్టి 12 సార్లు ఆడించారు, పుస్తకాలు చదివి వినిపించారు. ఆ పిల్లలు చైనా భాషలోని ధ్వనుల తేడాలు పట్టుకున్నారు. ఇంకో గుంపు పిల్లలకు అదే మనుషులను, అవే మాటలను టీవీలో చూపించారు. వాళ్లకు ఏమీ రాలేదు. కళ్లప్పగించి చూశారు, అంతే. పసిపిల్లకు మాట వచ్చేది మనిషి ముఖం నుంచి. ఆ పిల్ల "ఊ" అంటే మనం "ఊ" అంటాం, తెర అనదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏడాది లోపు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించొద్దని, తక్కువైతే ఇంకా మంచిదని చెప్పింది. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం కూడా రెండేళ్ల లోపు వద్దనే అంటోంది. అమెరికాలో ఉన్న కొడుకుతో వీడియో కాల్ మాట్లాడించడం వేరు. అక్కడ అవతల మనిషి జవాబు చెప్తాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. రెండేళ్లు దాటినా మాటలు రాకపోతే "ఫోను వల్లే" అని ఫోను లాక్కుని ఊరుకోవద్దు. వినికిడి పరీక్ష చేయించండి, పిల్లల డాక్టరుకు చూపించండి. కారణం ఇంకేదైనా కావచ్చు, ఆలస్యం చేస్తే నష్టం పిల్లదే.

రెండు దాటాక ఏది చూపించాలి? ఇక్కడే మన హైదరాబాద్ వాళ్ల మాట చెప్పుకోవాలి. రాజీవ్ చిలక 2001లో ఇక్కడే గ్రీన్ గోల్డ్ సంస్థ పెట్టారు. వాళ్ల ఛోటా భీమ్ 2008లో పోగోలో మొదలైంది. దేశం మొత్తం చూసిన బొమ్మ మన ఊళ్లో తయారైందంటే నాకు గర్వమే. అయినా టీచరుగా నాకు రెండు పేచీలు ఉన్నాయి. లడ్డూ తింటే బలం వస్తుందని నా క్లాసులో పిల్లలు నిజంగా నమ్ముతారు, చపాతీ డబ్బా మూత కూడా తీయరు. రెండోది, ఏ గొడవైనా భీమ్ చివరికి దెబ్బతోనే తేలుస్తాడు. పిల్లలు చూసింది చేస్తారనడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, మా బడి ఇంటర్వెల్ చాలు. భీమ్ ఎవరో, కాలియా ఎవరో వాళ్లే పంచుకుంటారు. కాలియా వంతు ఎప్పుడూ క్లాసులో లావుగా ఉన్న పిల్లాడికే వస్తుంది. ఆ పిల్లాడు ఏడుస్తూ నా దగ్గరికి వస్తాడు.

బొమ్మ గీసినంత మాత్రాన అది పిల్లలది అయిపోదు. టామ్ అండ్ జెర్రీ 1940లో సినిమా హాళ్ల కోసం, పెద్దా చిన్నా అందరి కోసం తీసింది. షిన్‌చాన్ జపాన్‌లో మొదట పెద్దవాళ్లు చదివే వారపత్రికలో వచ్చిన బొమ్మల కథ. మన దేశంలో 2008లో ప్రభుత్వం దాన్ని ఆపించింది, తరువాత కత్తిరింపులతో మళ్లీ వచ్చింది. నాలుగేళ్ల పిల్ల తల్లిని పేరు పెట్టి పిలుస్తుంటే నవ్వే ముందు, అది ఎక్కడ నేర్చిందో చూడండి.

వేగం సంగతి కూడా ఉంది. 2011లో అమెరికాలో 60 మంది నాలుగేళ్ల పిల్లలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపు 9 నిమిషాలు చకచకా మారే కార్టూను చూసింది, ఒకటి నిదానంగా సాగే కార్టూను చూసింది, ఒకటి బొమ్మలు గీసుకుంది. వెంటనే ఓపికకు, గుర్తుపెట్టుకోవడానికి చిన్న పరీక్షలు పెడితే వేగం కార్టూను చూసినవాళ్లే వెనకబడ్డారు. ఆ ప్రభావం ఎంతసేపు ఉంటుందో ఆ ప్రయోగం తేల్చలేదు. కానీ బడికి బయలుదేరే ముందు, హోంవర్కుకు ముందు అలాంటిది పెట్టకపోవడానికి ఆ మాత్రం చాలు.

ఇక అన్నం. తెర చూస్తూ తినే పిల్లకు కడుపు నిండిందో లేదో తెలియదు. ముద్ద రంగు తెలియదు, రుచి తెలియదు. కొందరు ఎక్కువ తింటారు, కొందరు నమలకుండా బుగ్గన పెట్టుకుని కూర్చుంటారు. దానికంటే పెద్ద నష్టం ఇంకొకటి. చందమామను చూపిస్తూ, కాకి ముద్ద, పిచ్చుక ముద్ద అంటూ తినిపించే ఆ అరగంట పసిపిల్ల ఎక్కువ మాటలు వినే సమయం. ఆ మాటలు పోతున్నాయి. నా క్లాసులో కార్టూన్ హిందీ గడగడా మాట్లాడే తెలుగు పిల్లలు ఉన్నారు. హిందీ రావడం మంచిదే. "వంకాయ" అంటే తెలియకపోవడం బాధగా ఉంటుంది.

అలాగని ఫోను ఇచ్చిన తల్లిని తిట్టేవాళ్లతో నేను చేరను. మూడో అంతస్తు అద్దె ఇంట్లో, సొంతూరు వరంగల్‌లోనో ఒడిశాలోనో వదిలి వచ్చిన ఆడపిల్ల, ఒంటరిగా పిల్లను చూసుకుంటూ వంట చేయాలి. కుక్కరు దగ్గరికి పాకే పిల్లను 20 నిమిషాలు ఎక్కడ కూర్చోబెడుతుంది? మాకు వాకిలి ఉండేది, పక్కింటి అవ్వ ఉండేది. ఆమెకు "ఫోను ఇవ్వకు" అని చెప్పడం కంటే వాకిలి ఇవ్వడం మేలు.

అందుకే సంఘం వాళ్లను ఒకటి అడుగుతున్నాను. మన బడి పెద్ద హాలు శనివారం సాయంత్రం ఖాళీగా ఉంటుంది. 5 నుంచి 6 దాకా తెరిపించండి. చుట్టుపక్కల ఏ ఇంటి పిల్లలైనా రావచ్చు, ఏ భాష వాళ్లైనా. రిటైరైన సార్లు, టీచర్లు వంతులవారీగా కథలు చెప్తారు. నెలకొకసారి నిదానంగా సాగే మంచి కార్టూను ఒకటి అందరం కలిసి చూసి, దాని గురించి పిల్లలతోనే మాట్లాడిద్దాం. ఖర్చు చాపలకు, మంచినీళ్లకే. ఇద్దరు సార్లు నిన్ననే ఒప్పుకున్నారు. ఇంకా నలుగురు కావాలి. పేర్లు ఇచ్చేవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి.