అవతరణ ధర్మం



'తీర్థం' అనే పదానికి మూలం 'తౄ' ధాతువు. దాటడమని దాని అర్థం. నదిలోకి క్షేమంగా దిగి దాటడానికి అనువైన రేవునే పూర్వులు తీర్థమన్నారు. ఆ ధాతువుకే 'అవ' అనే ఉపసర్గ చేరి అవతారం, అవతరణం అనే మాటలు ఏర్పడ్డాయి. అవతరణమంటే దిగడం. నేడు హిమాలయ క్షేత్రాలకు హెలికాప్టర్‌లో వెళ్లేవారు మనలో ఎందరో ఉన్నారు గనుక, ఈ దిగడం గురించి కొంత మనవి చేస్తాను.

2025 మే 8 ఉదయం యమునోత్రి చెంతనున్న ఖర్సాలీ నుండి, గంగోత్రి మార్గంలోని ఝాలాకు ఒక చిన్న హెలికాప్టర్ బయలుదేరింది. అందులో పైలట్, ఆరుగురు ప్రయాణికులు ఉన్నారు. వారిలో మన ఆంధ్రప్రదేశ్ వారూ ఉన్నారు. దారిలో గంగ్‌నానీ వద్ద అది రహదారిపై దిగడానికి ప్రయత్నించింది. రోడ్డు వెంబడి సాగే కేబుల్ తీగకు రెక్క తగిలింది. హెలికాప్టర్ లోయలోకి దొర్లిపోయింది. ఆరుగురు మరణించారు. ఒక్కరే తీవ్ర గాయాలతో బయటపడ్డారు.

జూన్ 7న కేదార్‌నాథ్‌కు బయలుదేరిన మరొక హెలికాప్టర్ సాంకేతిక లోపం వల్ల బడాసూ వద్ద రహదారిపైనే దిగింది. తోక విరిగింది, ఒక కారు దెబ్బతిన్నది. పైలట్‌కు స్వల్ప గాయాలయ్యాయి. అయిదుగురు యాత్రికులు క్షేమంగా ఉన్నారు.

ఎత్తైన కొండలలో గాలి పలుచన. రెక్కలకు పట్టు తగ్గుతుంది. లోయలు ఇరుకు, మబ్బు క్షణంలో కమ్ముతుంది, తీగలు పైనుండి కంటికి ఆనవు. సమతలమైన చోటు దొరకడమే అరుదు. అందుచేత యంత్రం పూర్తిగా మొరాయించక ముందే, అనుమానం కలిగిన వెంటనే, చోటు ఎంచుకొనే అవకాశం ఉండగానే దిగడం పైలట్ ధర్మం. అందుకు అడ్డు రాకుండటం యాత్రికుని ధర్మం.

భగీరథుని వృత్తాంతం మీరెరిగినదే. గంగను భూమికి పంపడానికి బ్రహ్మ అంగీకరించినా ఆయన తొందరపడలేదు. ఆ వేగాన్ని భూమి భరించలేదని తెలిసి, మరల తపస్సు చేసి శివుని మెప్పించాడు. దిగే చోటు సిద్ధమైన తరువాతనే గంగ దిగింది. గంగోత్రికి వెళ్లేవారు స్మరించవలసిన మొదటి పాఠం ఇదే.

"పండితులవారూ, ఫలానా తిథినాడే దర్శనం చేసుకుంటామని మొక్కుకున్నాము, తప్పితే దోషమా?" అని నన్ను పలువురు అడుగుతుంటారు. ఆపద పొంచి ఉన్నప్పుడు ఆగినవారికి దోషం లేదు. శాస్త్రం ఆపద్ధర్మాన్ని అంగీకరించింది. తిథి దాటినా సంకల్పం చెడదు. కనుక మీ ప్రయాణంలో రెండు రోజులు అదనంగా ఉంచుకోండి. మీ బరువు, సామాను బరువు ఉన్నదున్నట్లు చెప్పండి. వాతావరణం బాగులేదని విమానం ఆపితే సిబ్బందితో వాదించకండి. మార్గమధ్యంలో దింపితే అపశకునమని కలత చెందకండి. గంగోత్రికి రహదారి ఉన్నది, కేదారానికి కాలిబాట ఉన్నది. స్వామి ఎక్కడికీ పోడు.

ఆనాడు అసువులు బాసిన యాత్రికులకు, ఆ పైలట్‌కు సద్గతి కలుగుగాక. మీ యాత్రలు క్షేమంగా సాగి, మీరందరూ ఇల్లు చేరుదురు గాక.

స్వస్తి.